రెండో మైలు

బ్రదర్ ఆ పిల్ల చేతిని ముట్టుకోలేదు. చేతికి జానెడు ఎత్తున తన అరచెయ్యి గాలిలో ఆపి ప్రార్థన మొదలుపెట్టాడు. రెండో చేత్తో జేబురుమాలు ముక్కుకు నొక్కుకున్నాడు. సెంటు కొట్టిన జేబురుమాలు అది. ఆ సెంటూ, మా బల్ల మీది దుప్పట్ల చీము కంపూ కలిసిపోయాయి.

"ప్రభువా, ఈ చెల్లెలి విశ్వాసం పెంచు తండ్రీ" అన్నాడు.

విశ్వాసం సంగతి నాకు తెలియదు. వాపు మాత్రం పెరుగుతూనే ఉంది. నిన్న మణికట్టు దగ్గర ఉన్నది ఇవాళ మోచేతి దాకా పాకింది. చూపుడువేలూ నడిమివేలూ నల్లబడి, చర్మం మెరుస్తూ, తాకితే పగిలేలా ఉన్నాయి. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. బ్రదర్ ఆమేన్ అని, సూపర్‌వైజరు వైపు తిరిగి, "ఇవాళ తేలిక పని ఇవ్వండి, మడతలు పెట్టనివ్వండి" అన్నాడు. అని, కుళాయి దగ్గరికి పోయి సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. దేన్నీ ముట్టుకోని చేతులు అవి. ఛీ అనిపించింది. ఇప్పుడు తలుచుకున్నా అలాగే అనిపిస్తోంది.

మీరు చదువుకునే పిల్లలు. సువార్త వాక్యానికీ పనివాళ్ళ గొడవకీ ఏం సంబంధం అని అడిగారు. అందుకని మొదటి నుంచీ చెబుతాను. కంపు పడనివాళ్ళు ఇప్పుడే లేచి వెళ్ళచ్చు. పన్నీరు చల్లి చెప్పడం నాకు చేతకాదు.

మాది ఆసుపత్రి లాండ్రీ. భవనం అడుగున, నేల కింద, శవాల గది పక్కన ఉంటుంది. పైన ఎవరికి ఏ రోగం వచ్చినా, ఎవరు కన్నా, ఎవరు పోయినా, ఆ దుప్పటి మా దగ్గరికి దిగాల్సిందే. బండ్లవాళ్ళు వార్డులు తిరిగి మూటలు ఎత్తుకొస్తారు. వెనక వైపు ఏటవాలు దారి ఉంది, అందులోంచే రావాలి. ముందు హాల్లోంచి రాకూడదు. చూడ్డానికి వచ్చేవాళ్ళకు రోత పుడుతుందట. మూట వచ్చాక బల్ల దగ్గరి ఆడవాళ్ళు విప్పి, ఒక్కొక్క దుప్పటీ చేత్తో దులిపి, నెత్తురువి ఒక కుప్ప, మలమూత్రాలవి ఒక కుప్ప వేస్తారు. దులిపితే ఏం రాలుతుందో ఎవరూ చెప్పలేరు. చీము ఎండిన కట్లు, వాంతి, ఒక్కోసారి నర్సులు తొందరలో మంచం మీద మర్చిపోయిన సూదులు. నేను బాయిలరు మనిషిని. ఆవిరి నాది, కంపు వాళ్ళది.

ఆ చేతులకు మందపాటి గ్లౌజులు ఇవ్వాలి. ఆసుపత్రి అందుకని కాంట్రాక్టరుకు డబ్బిస్తుంది. కాంట్రాక్టరు మాకు కూరగాయలు తెచ్చుకునే ప్లాస్టిక్ సంచులు ఇచ్చాడు. మణికట్టు దగ్గర రబ్బరుబ్యాండు వేసుకోమన్నాడు. ఆ కాంట్రాక్టరే ఈ బ్రదర్. అయ్యగారూ అంటే ఊరుకోడు. "మనమంతా ఒక తండ్రి పిల్లలం, బ్రదర్ అనండి" అంటాడు. ఒక తండ్రి పిల్లలమే గానీ, పంపకాల దగ్గర మాత్రం ఆయనకు మేం గుర్తుకు రాం.

బల్ల పైన గోడ మీద నీలం రంగుతో పెద్ద అక్షరాల్లో సువార్త వాక్యం రాయించాడు: రెండు మైళ్లు వెళ్లుము. షిఫ్టు అయిపోయాక మరో విడత వార్డులు తిరిగి, మూటలు తెచ్చి, విప్పి, వేరు చేసి ఇంటికి పోవాలి. దానికి జీతం లేదు. అది రెండో మైలు, దేవుని సేవ. రాననేవాళ్ళకు మర్నాడు మొదటి మైలు కూడా ఉండదు.

సూది గుచ్చుకుని చెయ్యి వాచిన ఆ పిల్ల మా వదిన. మా పెద్దమ్మ కోడలు. వదినే గానీ వయసులో నాకంటే చిన్నది. మా అన్న పని కోసం ఊరు కాని ఊరు పోయాడు. అత్తాకోడళ్ళు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, ఎదురుబదురుగా పనిచేసేవాళ్ళు. వదినకు సూది గుచ్చుకున్నది షిఫ్టు అయ్యాక, ఆ రెండో విడతలో.

మర్నాడు వేళ్ళు వాచగానే పెద్దమ్మ ఆమెను పైకి, అత్యవసర విభాగానికి తీసుకుపోయింది. "కాంట్రాక్టువాళ్ళయితే డ్యూటీలో దెబ్బ తగిలిందని మీ కాంట్రాక్టరు చెప్పాలి. లేకపోతే ముందు డబ్బు కట్టాలి" అన్నాడు కిటికీ వెనక గుమాస్తా. తలెత్తి చూడలేదు. పెద్దమ్మ కిందికి వచ్చి బ్రదర్‌ని అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

"అదెలా చెప్పనమ్మా? అబద్ధం అవుతుంది" అన్నాడాయన. మొహంలో నిజంగానే బాధ పెట్టుకున్నాడు. "అప్పటికి డ్యూటీ అయిపోయింది కదా. అది సేవ. దేవుడికి ఇచ్చినదానికి నేను లెక్క చెప్పగలనా? ఆయనే చూసుకుంటాడు."

విన్నారా? పని చేయించుకునేటప్పుడు అది వాడి పని. చెయ్యి కుళ్ళేటప్పుడు దేవుడి పని. నాకు ఉమ్మేయాలనిపించింది. పెద్దమ్మ నా చొక్కా వెనక నుంచి పట్టుకుంది.

పొద్దుటి ప్రార్థన బాగోతం అయ్యాక, ఆ మధ్యాహ్నం తిండి వేళకు అందరం బాయిలరు వెనక చేరాం. వదినను మడతల బల్ల కింద, ఉతికిన దుప్పట్ల మీద పడుకోబెట్టాం. తడిగుడ్డ మారుస్తూ పెద్దమ్మ పక్కనే కూర్చుంది.

"మిషను పగలగొడదాం" అన్నాడు ఉతికే డ్రమ్ముల దగ్గర పనిచేసేవాడు. కుర్రతనం, ఉడుకు నెత్తురు. "ఆ గోడ మీది రాతకి తారు పూద్దాం."

"పూశాక?" అంది ఇస్త్రీ అక్క. "నిన్ను తోలేస్తాడు. తారు నాచేత కడిగిస్తాడు."

నేను సమ్మె అన్నాను. ఎప్పుడూ అనేదే కదా, అందరూ నా వంక జాలిగా చూశారు. గేటు బయట పని కోసం ఎంతమంది పడిగాపులు కాస్తున్నారో వాళ్ళకి తెలుసు. సాయంత్రానికి కొత్త చేతులు వస్తాయి, వాటికీ సంచులే తొడుగుతారు.

"నువ్వూ నీ దేవుడూ" అని పెద్దమ్మ మీద పడ్డాను. ఒళ్ళు మండిపోతోంది నాకు. "రోజూ పొద్దున్నే బ్రదర్ పక్కన నిలబడి పాట ఎత్తుకునేది నువ్వే కదా. కొట్టినవాడికి ఇంకో చెంప, లాక్కున్నవాడికి పైబట్ట, ఈడ్చుకుపోయినవాడితో రెండు మైళ్ళు. బానిసల కోసం రాసిన పుస్తకం కాకపోతే ఏంటది?"

పెద్దమ్మకు కోపం రాలేదు. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. ఆమె నీలం అక్షరాల గోడ వైపు చూస్తూ ఉంది.

"వాక్యం పూర్తిగా చెప్పరా ఎవరైనా" అంది.

మాలో సగం మందికి అది నోటికి వచ్చు. ఇస్త్రీ అక్క గడగడా చెప్పేసింది. ఒకడు ఒక మైలు దూరము రమ్మని నిన్ను బలవంతము చేసినయెడల, వానితో కూడ రెండు మైళ్లు వెళ్లుము. చెప్పి, తానే ఆగిపోయింది.

"ముందు ముక్క గోడ మీద లేదే" అంది.

లేదు. రోజూ చూసిన గోడే. వాక్యం తెలిసినవాళ్ళమే. ఎవరికీ పట్టలేదు. బలవంతము అన్న మాట దగ్గర కత్తిరించి, మిగిలింది రాయించాడు.

"అంటే ప్రభువు బలవంతాన్ని బలవంతమనే అన్నాడు" అంది పెద్దమ్మ నెమ్మదిగా. "సేవ అనలేదు."

"అన్నా ఏం లాభం?" అన్నాన్నేను. "ఎలాగూ రెండో మైలు పొమ్మన్నాడుగా."

అప్పుడు తాత నవ్వాడు. తాత అంటే బండ్లు నెట్టే ముసలాయన. మోకాళ్ళు అరిగిపోయినా నోరు అరగలేదు. "దేవుడు నడవమన్నాడు గానీ నెట్టమన్నాడా" అని రోజూ సణిగేది ఈయనే. కుర్రతనంలో కొండల దగ్గర ఉండేవాడట. అక్కడ సైన్యం దిగింది.

"సిపాయిలు దారిన పోయేవాణ్ణి పట్టుకునేవాళ్ళు" అన్నాడు. "వాళ్ళ మూట మన నెత్తిన. వంతెన దాకా మోయాలి. వంతెన దాటించకూడదని వాళ్ళకి పైనుంచి ఆర్డరు. దాటిస్తే సిపాయికే శిక్ష. జనం తిరగబడతారని భయం మరి. మా మేనమామని ఒకసారి పట్టుకున్నారు. వంతెన వచ్చింది. మామ దించలేదు. పోతూనే ఉన్నాడు. ఆ సిపాయి మొహం చూడాలిరా. వెనకాలే పరిగెత్తాడు. దించు బాబూ, నీకు దణ్ణం పెడతా, మా ఆఫీసరు చూస్తే నా పని అయిపోతుంది అని. మొదట తుపాకీ చూపించినవాడే, చివరికి చేతులు జోడించాడు."

"మీ మామ సువార్త చదివాడా?" అన్నాడు డ్రమ్ములవాడు.

"అక్షరం ముక్క రాదు. ఒళ్ళంతా పొగరు."

నవ్వు పుట్టింది. వదిన కూడా కళ్ళు తెరిచింది. ఆ నవ్వులోనే ఇస్త్రీ అక్క ఉన్నట్టుండి అంది, "అయితే మొదటి మైలు మోయించేవాడిది. ఎక్కడ ఎత్తుకోవాలో, ఎటు పోవాలో, ఎక్కడ దించాలో వాడే చెబుతాడు. రెండోది..."

"రెండోది మోసేవాడిది" అన్నాడు తాత. "దించమన్నా దించడు."

"ఎటు పోవాలో కూడా మోసేవాడే చూసుకుంటాడు" అంది పెద్దమ్మ. అంటూ లేచింది. కోడలి నుదుటి మీది గుడ్డ తీసి, మళ్ళీ తడిపి వేసింది. "ఇవాళ సాయంత్రం ముందు హాల్లో బ్రదర్‌కి సేవా పతకం ఇస్తున్నారు. అందరం రెండో మైలు వెళ్దాం. ఏటవాలు దారి వద్దు."

నేను నమ్మలేదు. చెప్పొద్దూ, నాకిప్పటికీ దేవుడి మీద నమ్మకం లేదు. కానీ ఆ మాట నాకు సమ్మె కంటే గట్టిగా వినిపించింది. పని మానేస్తే మమ్మల్ని తీసేస్తారు. పని ఆపకపోతే ఏం చేస్తారు? అది వాళ్ళ పుస్తకాల్లో లేదు.

సాయంత్రం షిఫ్టు గంట మోగింది. అందరం బండ్లు తీసుకుని వార్డులకు ఎక్కాం. బాయిలరు కట్టేసి నేనూ ఒక బండి పట్టాను. ఆయాలు మూటలు ఎత్తి వేస్తూ, "ఇంతమంది వచ్చారేంటి?" అన్నారు. చెప్పాం. ఒక ఆయా తన వార్డులో దుప్పట్లన్నీ మార్చేసి, ఇంకో బండి నింపింది. కడుపు ఆపరేషన్ల వార్డు అది, వాసన గోడలకు అంటుకుంటుంది.

చివరి బండిని మాత్రం వేడినీళ్ళతో కడిగాం. అందులో ఉతికిన దుప్పట్లు మందంగా పరిచి వదినను పడుకోబెట్టాం. వాటిని దులిపి వేరు చేసింది ఆమె చేతులే. ఆ బండి పెద్దమ్మ నెట్టింది.

ముందు హాలు తలుపులు రెండూ బార్లా తీసి ఉన్నాయి. పూలు, మైకు, వరసగా కుర్చీలు, పెద్ద మనుషులు. రోగుల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు గోడల పక్కన నిలబడి చూస్తున్నారు. బ్రదర్ మెడలో పతకం అప్పుడే పడింది. "నాదేం లేదు, నేను వట్టి పనిముట్టుని" అంటున్నాడు మైకులో. అప్పుడు తాత బండి లోపలికి వచ్చింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి.

కంపు మాకంటే ముందు వెళ్ళింది. ముందు వరసలో చీరకొంగులు ముక్కుల మీదికి లేచాయి. ముఖ్య అతిథి వాంతి ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

"ముక్కు మూసుకోకండయ్యా" అన్నాడు తాత. "పరాయివేం కాదు. మీ అమ్మలూ నాన్నలూ పడుకున్న దుప్పట్లే."

బ్రదర్ మైకు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. "ఇటెందుకు తెచ్చారు? వెనక దారి లేదా? చాలు, చాలు, ఇవాళ్టికి సేవ రద్దు. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోండి."

"మొదటి మైలు మీరు రద్దు చేసుకోవచ్చు బ్రదర్, అది మీది" అంది పెద్దమ్మ. "ఇది మాది."

"అమ్మా, మీరు విశ్వాసులు. మీరు కూడానా?"

"విశ్వాసిని కాబట్టే."

"మీకు దణ్ణం పెడతాను, ముందు ఆ బండ్లు బయటికి తియ్యండి" అన్నాడు. నిజంగానే చేతులు జోడించాడు. వెనక నుంచి తాత పగలబడి నవ్వాడు, మేనమామ గుర్తొచ్చి.

గోడ పక్కన నిలబడ్డ ఒకాయన ముందుకొచ్చి, "వీటిని వట్టి చేతులతోనే తీస్తారా?" అని అడిగాడు. బల్ల దగ్గరి ఆడవాళ్ళు చేతులు పైకెత్తారు. రబ్బరుబ్యాండ్లు బిగించిన ప్లాస్టిక్ సంచులు. కొన్ని చిరిగి వేళ్ళు బయటికి వచ్చేశాయి. ఎవరో ఛీ అన్నారు. ఈసారి ఆ ఛీ మా మీద కాదు.

పెద్దమ్మ ఆగలేదు. బండి నెట్టుకుంటూ కుర్చీల మధ్యలోంచి, గుమాస్తా కిటికీ దాటి, అత్యవసర విభాగం తలుపు తోసుకుని లోపలికి పోయింది. గుమాస్తా కిటికీలోంచి తల బయటపెట్టి, వెనక వస్తున్న జనాన్ని చూసి మళ్ళీ లోపలికి తీసుకున్నాడు. చిన్న డాక్టరమ్మ దుప్పటి తీసి చెయ్యి చూసింది. చూసి మొహం చిట్లించింది.

"ఇంతదాకా ఎందుకు రానిచ్చారు? ఇన్నాళ్ళూ ఎక్కడుంచారు ఈమెని?"

"ఇదే భవనంలో తల్లీ" అంది పెద్దమ్మ. "మీ కాళ్ళ కింద."

పోలీసులు వచ్చారు. ఆసుపత్రిలో రోగాలు వ్యాపింపజేస్తున్నామని కేసు. అదే మురికి మా గోళ్ళ కింద ఉన్నంతకాలం రోగం కాదు, ముందు హాలుకి వచ్చేసరికి రోగమైంది. ఇంతకంటే రోత మాట నేను ఏ మురుగులోనూ వినలేదు. పెద్దమ్మనీ తాతనీ జీపెక్కించారు. తాత మోకాళ్ళు పట్టేసి ఎక్కలేకపోతే కానిస్టేబుల్ కాలర్ పట్టి లోపలికి విసిరాడు. మేం బండ్లు అక్కడే వదిలేసి జీపు వెనక పరిగెత్తాం.

వదిన బతికింది. చెయ్యి దక్కింది, రెండు వేళ్ళు పోయాయి. మా లాండ్రీలోకి బ్రదర్ కొత్తవాళ్ళని దింపాడు గానీ, పైనుంచి మూటలు దిగలేదు. ఆయాలు మూట కట్టలేదు. "గ్లౌజులు వచ్చాక కడతాం, లోపల ఉన్నవాళ్ళు వచ్చాక కడతాం" అన్నారు. వార్డుల బయట దుప్పట్లు పేరుకున్నాయి. కంపు మెట్లెక్కి పెద్ద డాక్టరు గదిదాకా పోయింది.

అప్పుడు బ్రదర్ వదిన మంచం దగ్గరికి వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. నేను తలగడ వైపు నిలబడి ఉన్నాను.

"చెల్లీ, ఒక్క మాట చెప్పు చాలు" అన్నాడు. "సూది ఇంట్లో ఎక్కడో గుచ్చుకుందని. నేనే కేసు వెనక్కి తీయిస్తాను. సాయంత్రానికి మీ అత్తయ్య ఇంట్లో ఉంటుంది. పాపం, ఆ వయసులో నేల మీద పడుకుంటోంది. నీ ఉద్యోగం కూడా ఎక్కడికీ పోదు."

వదిన కట్టు కట్టిన చేతి వంక చూసుకుంది. ఆ పిల్లకి అత్తంటే ప్రాణం. చెప్పేస్తుందనుకున్నాను. చెప్పినా నేను తప్పు పట్టేవాణ్ణి కాదు.

"అత్తయ్యని అడిగి చెబుతాను" అంది.

మంచం దిగింది. ఆయాలు వద్దన్నా వినలేదు. చివరికి వాళ్ళే చెరో పక్క పట్టుకున్నారు. మేం వెంట నడిచాం. బండ్లవాళ్ళు, ఇస్త్రీవాళ్ళు, వంటవాళ్ళు కూడా వచ్చారు. పోలీస్ స్టేషన్‌లో ఇద్దర్నీ కోర్టుకు పంపకుండా ఇంకా అట్టే పెట్టారు. కటకటాల అవతల పెద్దమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. మొహం పీక్కుపోయింది. తాత పక్క గదిలో కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నాడు.

వదిన అంతా చెప్పింది. ఏడుస్తూనే చెప్పింది. "మీరు ఇంటికి వస్తారంటే చెప్పేస్తాను అత్తయ్యా. పోయిన వేళ్ళు ఎలాగూ రావు."

పెద్దమ్మ కటకటాల్లోంచి చెయ్యి చాపి ఆమె కట్టు మీద పెట్టింది. మెత్తగా, నొప్పి కలగకుండా.

"నీ తర్వాత ఆ బల్ల దగ్గర నిలబడే పిల్లకి ఎన్ని వేళ్ళు ఉండాలో చూసుకుని చెప్పమ్మా" అంది. "నా సంగతి వదిలెయ్. నేల నాకు కొత్తా?"

వదిన కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తిరిగి ఇన్‌స్పెక్టరు బల్ల దగ్గరికి వచ్చింది.

"సూది లాండ్రీలో గుచ్చుకుంది. డ్యూటీ అయ్యాక బలవంతంగా పని చేయిస్తుంటే గుచ్చుకుంది. రాసుకోండి."

"అవన్నీ ఇప్పుడు కుదరవు, పో" అన్నాడాయన.

"నాకూ గుచ్చుకుంది" అని వెనక నుంచి ఇస్త్రీ అక్క అరచెయ్యి చాపింది. మధ్యలో పాత మచ్చ. "బల్ల దగ్గర ఉన్నప్పుడు. అప్పట్లో చెప్పలేదు. రాసుకోండి."

"నాకు కాల్లో" అన్నాడు డ్రమ్ములవాడు. ఒక ఆయా బొటనవేలు చూపించింది. ఇంకో ఆయా తనకు అలాంటి సూదితో ఏ రోగం వచ్చిందో, ఇంట్లో కూడా చెప్పుకోని రోగం, అందరి ముందూ చెప్పింది. ఇన్‌స్పెక్టరు ఒక్క ముక్క రాయలేదు. "అందరూ బయటికి నడవండి" అన్నాడు. మేం బయటికి రాలేదు, వరస కట్టాం.

ఆ వరస ఇదే. స్టేషన్ మెట్లు దిగి, గేటు దాటి, ఈ రోడ్డు మలుపు దాకా వచ్చింది. పొద్దుట్నుంచి పక్క ఆసుపత్రుల లాండ్రీలవాళ్ళు కూడా వచ్చి కలుస్తున్నారు, వాళ్ళ చేతులూ ఇలాగే ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు ఇంకా రాయనంటున్నాడు. లోపల బల్ల ముందు, అందరికంటే మొదట, మా వదిన నిలబడి ఉంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు.